సిట్టి మొగుడి నాడి

మావా,

నువ్వెళ్లిపోయి రేపటికి ఏడాదవతాది. సదువుతావని కాదు, కడుపుమంట ఆగక రాస్తన్నాను.

మా సెల్లి సిట్టి మొగుడు అప్పన్నకీ నీ గుండె జబ్బే వచ్చింది. గుండె దడ నెమ్మది సేసే బిళ్ల, నువ్వేసుకున్నదే, రాసేరు. మొన్న సీకట్లో టార్చి లైటేస్తే కళ్ల ముందు వెలుగులు మెరిసేయంట. నీకూ బోటులో అలాగే మెరిస్తే, గంగమ్మతల్లి కనపడిందని దణ్ణమెట్టి, ఇంక మందెందుకని బిళ్లలు సముద్రంలో ఇసిరేసేవు. ఇంటికొచ్చి గొప్పగా సెప్పేవు. ఆ తరవాతే నీ గుండె ఆగిపోయింది.

సిట్టి ఊరుకోనేదు. మొగుడ్ని బస్సెక్కించి శ్రీకాకుళం డాట్రుగారి దగ్గరికి లాక్కెళ్లింది.

"ఆ మెరుపులు బిళ్ల వల్లేనమ్మా, చాలామందికి తగ్గిపోతాయి. తగ్గేదాకా రాత్రి వేటకి వెళ్లొద్దు. మీ అంతట మీరు మందు ఆపొద్దు" అన్నాడంట. రెండు పూటలా తిండితోనే వెయ్యాలంట. రోజూ నాడి సూడాలంట. అది మరీ నెమ్మదించినా, కళ్లు తిరిగినా ఎంటనే రమ్మన్నాడంట.

ఇదంతా సిట్టి సెప్తంటే ఒళ్లు మండిపోయింది మావా. దాని మొగుడు బాగుండాలనే ఉన్నాది. మరి నువ్వూ ఉండాల కదా?

సిట్టికి లెక్కెట్టడం రాదు. పొద్దున్నే "అప్పా, ఓపాలి రాయే" అని పిలస్తాది. అంబలి తాగే ముందు అప్పన్న సెయ్యి సాపుతాడు. గోడ గడియారం సూస్తా నాను లెక్కెడతన్నాను. వలతాళ్లు లాగి కాయలు కాసిన సెయ్యి, అచ్చం నీదే.

నిమిషం అయిపోతాది. సిట్టి ఆ సెయ్యి నా సేతిలోంచి తీసుకుని తన ఒళ్లో ఎట్టుకుంటాది.