ఒకే ఆవు కన్న రెండు కోడెలు

నెక్కొండ,
14-6-1979.

గౌరవనీయులైన గట్టయ్య బావకు,

మీ బామ్మర్ది వెంకట్రాజం నమస్కారాలతో రాయునది. తొలకరి బాగానే పడ్డది, మేమంతా కులాసాగా ఉన్నాం. నర్సంపేటలో మీరూ, సోమక్కా, పిల్లలూ అట్లాగే ఉన్నారని తలుస్తాను.

బావా, ఒక సంగతి నా బుర్ర తినేస్తున్నది. మన ఎర్రావు వరుసగా కన్న రెండు కోడెలూ ఒకే ఆబోతు పిల్లలే కదా. పెద్దది మీ దగ్గర, చిన్నది నా దగ్గర పెరిగాయి. మీ దాని మెడ పట్టుకొని పిల్లలు వేలాడతారట! నాది నన్ను చూస్తే చాలు, కొమ్ము విసురుతుంది. మొన్న గోడకేసి అదిమింది, పక్కటెముకలు ఇంకా సలుపుతున్నాయి. నెలాఖరుకు అంగడికి తోలుదామనుకుంటున్నాను. పొడిచే కోడెను దున్నేవాడెవడు కొంటాడు? కోతకే పోతుంది. అందుకే ముందు తెలుసుకోవాలని ఉన్నది: గుణం రక్తంలో వస్తుందా, పెంపకంలో వస్తుందా?

మా పోశయ్య తాత చూసి, నుదుటి మీద రెండు సుళ్ళున్నయి, పొడవక ఏం జేస్తది అన్నాడు. మీ దానికీ రెండే ఉన్నాయి కదా అంటే కర్ర పట్టుకొని లేచిపోయాడు. పశువుల దవాఖాన డాక్టరేమో, రక్తంలో కొంత వస్తది గని, దానితోని ఎవలెట్లున్నరో ముందుగాల చెప్పు అన్నాడు. నాకు తిక్క రేగింది. పశువు సంగతి అడిగితే మనిషి సంగతి అడుగుతాడేమిటి!

సరే, నేనే పరీక్ష పెట్టాను. మొదట నా భార్య సమ్మమ్మను కుడితితో పంపాను. మెడ చాపి గోకించుకున్నది. పక్కింటి నర్సయ్యను పంపాను, ఊరకే నిలబడ్డది. నర్సయ్యకే నా చొక్కా తొడిగి, నా తువ్వాల చుట్టి మళ్లీ పంపాను. బుస కొట్టి కొమ్ము దించింది! నేను బిత్తరపోయాను. సమ్మమ్మ మాత్రం, నువ్వంటెనే దానికి గంత కోపమెందుకో జర యాద్ చేస్కో అని లోపలికి పోయింది.

మీరు మీ కోడెకు కాడి ఎట్లా నేర్పారు? కొట్టారా, బుజ్జగించారా? నెలాఖరు లోపల తప్పక రాయండి.

ఇట్లు,
మీ
వెంకట్రాజం

తా.క.: అంటించిన కవరు మళ్లీ చింపాను బావా. సమ్మమ్మకూ చెప్పని సంగతి ఒకటున్నది. నిరుడు కాడి నేర్పేటప్పుడు అది మొండికేసి పడుకున్నది. కోపం పట్టలేక తోక కింద గడ్డి కాల్చాను. ఆ అరుపు ఇప్పటికీ నా చెవుల్లోనే ఉన్నది. పుండును చూసినవాళ్లకు ముళ్లకంచె గీరిందని చెప్పాను. రక్తానిదే తప్పని మీ చేత అనిపించుకోవాలనే ఇదంతా రాశాను. సిగ్గుగా ఉన్నది. దాన్ని అంగడికి తోలను. వచ్చే ఆదివారం సమ్మమ్మా, నర్సయ్యా మీ ఇంటికి తోలుకొస్తారు, కాదనకండి. నేను వెంట రాను. నేను లేకుంటే అది దారంతా నెమ్మదిగా నడుస్తుంది.