ఏసీ లేని కారు

మేడమ్,

మీరు పోయి నేటికి ఏడాది. జర్మనీలో ఆపెరాల్లో రాణి వేషాలు వేసి, వయసు మీదపడ్డాక దోహా వచ్చి పిల్లలకు పాట నేర్పారు, బాగానే ఉంది. గొంతు ఎండిపోతుందని ఈ ఎండల్లో కారు ఏసీ ఆపించి, డ్రైవరైన పాపానికి నన్నెందుకు ఉడకబెట్టినట్టు? కచేరీ రోజయితే నోరే విప్పరు, అన్నీ సైగలే.

మీ తర్వాత ఇక్కడే దోహాలో, అల్ హిలాల్ పేటలో మీ శిష్యురాలి ఇంట్లో డ్యూటీ దొరికింది. హమ్మయ్య, ఇక చల్లగా బతకొచ్చనుకున్నాను. ఇవాళ ఆ పిల్ల మొదటి కచేరీ. మెడకు చున్నీ చుట్టుకుని కారెక్కింది.

"భయంగా ఉందా, పాపా?" అన్నాను.

అచ్చం మీలాగే ఏసీ వైపు వేలు చూపించింది. ఆపాను, ఏం చేస్తాను? మీరు పోయినా మీ చాదస్తం పోలేదు.

పాట బాగా పాడింది. తిరిగొచ్చేటప్పుడు "ఏసీ వేసుకోండి అంకుల్" అంది.

నాకే చేతులు రాలేదు.