మా బడి కంట్రోల్‌లో పడింది

మోత్యా తండా, కొత్తగూడ మండలం
8 జూలై 2011

హనుమకొండ చదువుల పరిశోధన ఆఫీసు కరుణాకర్ సారుకు, బడి కమిటీ చైర్మన్ బానోతు రాంచందర్ రెండు చేతులు జోడించి రాసే ఉత్తరం.

మీ కాగితం అందింది సారూ. చదివింది మూడో తరగతే అయినా నేనే కూడబలుక్కుని చదివాను. ‘మీ బడి కంట్రోల్‌లో పడింది’ అన్న మాట దగ్గర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రేషన్ కార్డు మీద ఇచ్చే కంట్రోల్ బియ్యం కోసం మేము వాగు దాటి రెండు కోసులు నడుస్తున్నాం. ఇన్నేళ్ళకు కంట్రోల్ దుకాణాన్ని మా బడిలోకే పంపిస్తున్నారు. మీ కడుపు చల్లగుండ. తండాలో ఇంటింటికీ చెప్పాను. పక్కింటి అమర్‌సింగ్ అప్పుడే సంచులు దులిపి ఆరేశాడు.

ఒక్కటే భయం. బడికి ఉన్నది ఒకటే గది. అందులో ఇరవై ఒక్క మంది పిల్లలకు నా బిడ్డ అనిత విద్యా వాలంటీరు. మా వంశంలో నెల జీతం కొలువు అదే మొదటిది. బియ్యం బస్తాలు లోపలికొస్తే నా బిడ్డను బయటికి పంపరు కదా?

మీ మేలు మరువని
రాంచందర్

తా.క.: మా ఇంటామె కమలాబాయి అడగమంది: “గాసునూనె గూడ ఇస్తరా? ఇస్తే పిల్లలకు దూరం పెట్టుమను. సీసా కనవడితే మూత తీసి చూస్తరు.”


హనుమకొండ
15 జూలై 2011

రాంచందర్ గారికి నమస్కారం.

విడమరచి రాయకపోవడం నా పొరపాటు. ఇది బియ్యం కంట్రోల్ కాదు. మీ లంబాడీ మాటలో బొమ్మల కథల కార్డులు తయారుచేశాం. వాటితో చెబితే ఒకటో తరగతి పిల్లలు తెలుగు చదవడం తొందరగా నేర్చుకుంటారా అని చూడాలి. నలభై తండా బడులకు చీటీలు తీశాం. ఇరవై బడులకు కార్డులు ఇస్తాం, ఇరవైకి ఏమీ ఇవ్వం. ఏమీ ఇవ్వని బడులనే కంట్రోల్ బడులు అంటాం. నవంబరులో అందరికీ ఒకే పరీక్ష పెట్టి తేడా చూస్తాం. దాన్ని బట్టి పై అధికారులు నిర్ణయం తీసుకుంటారు. అంతవరకు మీ బడిలో దేన్నీ మార్చకండి.

భవదీయుడు
కరుణాకర్

తా.క.: కిరోసిన్ నా చేతిలో లేదు.


మోత్యా తండా
24 జూలై 2011

కరుణాకర్ సారుకు, అన్నం సహించని రాంచందర్ రాసేది.

బియ్యం రాకపోతే పోనీ, నడక మాకు అలవాటే. ‘పై అధికారులు నిర్ణయం’ అన్న చోట కాగితం మడిచి అమర్‌సింగ్ దగ్గరికి పరుగెత్తాను. అమర్‌సింగ్ ఏమన్నాడో వినండి: “ఒక ఎద్దుకు దాణా పెట్టి, ఇంకోదానికి పెట్టక, రెంటినీ పందెంల ఇడుస్తరట. ఓడిన ఎద్దును ఏం జేస్తరు రాంచందర్?”

ఓడిన ఎద్దు ఎక్కడికి పోతుందో ఈ తండాలో తెలియనిదెవరికి? పిల్లలు పరీక్ష తప్పితే అనిత కొలువు పోతుంది. ఆమెతో అంటే నవ్వింది. “గా పరీక్ష నాకు గాదు బాపూ, కార్డులకు” అంది. చిన్నపిల్ల, ఆఫీసుల సంగతి దానికేం తెలుసు.

మీ మాట మాత్రం జవదాటలేదు. బడికి సున్నం వేయించడం ఆపించాను. పగిలిన నల్లబల్ల పగిలినట్టే ఉంది. వాన కారేచోట గిన్నె పెడుతున్నాం, అది పోయినేడాదిదే.

భయభక్తులతో
రాంచందర్

తా.క.: ఒకటో తరగతి చందుకు ముందు పన్ను ఊడింది. కొత్తది వస్తోంది. ఆపడం నా వల్ల కాదు, రాసుకోండి.


హనుమకొండ
25 నవంబర్ 2011

రాంచందర్ గారికి,

నలభై బడుల్లో మీ పిల్లలే మొదట వచ్చారు. కార్డులిచ్చిన బడులను కూడా దాటిపోయారు. లెక్క తప్పిందేమోనని రెండుసార్లు చూశాను. సకల జనుల సమ్మెలో బడులన్నీ మూతపడి, అంతటా పిల్లలు నేర్చుకున్నది మరిచిపోయారు. మీ దగ్గర ఏం జరిగింది? దాచకుండా రాయండి. మా పెద్దసారుకు నేను చెప్పాలి.

ఆందోళనతో
కరుణాకర్

తా.క.: చందు పన్ను నమోదు చేశాను.


మోత్యా తండా
2 డిసెంబర్ 2011

బంగారం లాంటి కరుణాకర్ సారుకు, నేల మీద కాలు నిలవని రాంచందర్ దండాలు.

మీ ఉత్తరం తండా అంతా తిప్పాను, నలిగిపోయింది. జరిగింది చెబుతాను. సమ్మెలో అనిత కొత్తగూడ దీక్షా శిబిరంలో కూర్చుంది. వద్దని ఎట్లా అంటాను, తెలంగాణ నాకూ కావాలి. కానీ బడి మూస్తే అది మార్పే కదా, మీరు వద్దన్నారు. తెల్లారి తొమ్మిదికి నేనే తాళం తీశాను.

తీసి ఏం చెప్పాలో తెలియలేదు. తండా పెద్దలను పిలిచాను. అమర్‌సింగ్ మా మాటలో అడవిపంది కథ చెబితే, పిల్లలు ‘పంది’ అని తెలుగులో రాశారు. కమలాబాయి బల్ల మీద ‘కాకి’ రాయబోయి ‘కాకీ’ రాసింది. “అవ్వా, గా దీర్ఘం ఎందుకు? కాకి గంత పొడుగుంటదా?” అని ఇరవై ఒక్క గొంతులు లేచాయి. పెద్దలను దిద్దే రుచి మరిగాక ఇంటికి పొమ్మన్నా పోలేదు. నెల రోజులు ఇట్లే నడిచింది.

ఇదంతా రిపోర్టులో అక్షరం పోకుండా రాయండి. అనిత పేరు లావు అక్షరాలతో రాయండి. ఇక ఆమె కొలువుకు ఢోకా లేదు.

సంతోషం పట్టలేని
రాంచందర్

తా.క.: అమర్‌సింగ్‌కు రెండు రోజులు గైర్హాజరు వేశారు. జ్వరమని చెప్పినా పిల్లలు వినలేదు.


హనుమకొండ
9 జనవరి 2012

రాంచందర్ గారికి,

మీరు చెప్పినవన్నీ రాశాను, అనిత ముందే వేసిన పునాది సంగతీ కలిపాను. డెబ్బై పేజీలయింది. పై ఆఫీసువాళ్ళు ఒక పేజీ చేయమన్నారు. ఆ పేజీని ఎవరో ఒక వాక్యం చేశారు: ‘టీచరు లేని నెలలో పిల్లలు అందరికంటే బాగా నేర్చుకున్నారు.’ సాక్ష్యం ఉంది గనుక మీ తండాకు వాలంటీరు అవసరం లేదని ఆర్డరు వేశారు. పరుగెత్తి వెళ్ళి తప్పన్నాను. “పరిశోధన మీదే కదా” అన్నారు.

కాళ్ళావేళ్ళా పడితే ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్షకు ఒప్పుకున్నారు; పిల్లలు తప్పితేనే వాలంటీరును తిరిగి ఇస్తారట.

క్షమించమని అడిగే ముఖం లేని
కరుణాకర్

తా.క.: సంగతి పాకింది. ఇంకో కంట్రోల్ బడి టీచరు ఫోన్ చేశాడు: “మా పిల్లలకు ఏం రాదని జర గట్టిగ రాయున్రి సార్, మీకు పుణ్యముంటది.”


మోత్యా తండా
20 జనవరి 2012

కరుణాకర్ సారుకు, తన నోటితో తన ఇంటికే చేటు తెచ్చుకున్న రాంచందర్ రాసేది.

ఆర్డరు చదివి అనిత తాళంచెవి నా చేతిలో పెట్టింది. “ఇగ నువ్వే చెప్పు బాపూ, సర్కారుకు నీ మీదనే నమ్మకమున్నది” అంది. మూడు రోజులు ఆమె ముఖం చూడలేకపోయాను. పెద్దలంతా మిరపకాయ ఏరడానికి కూలికి పోయారు. పిల్లలు వచ్చి కూర్చుంటున్నారు, చెప్పేవాళ్ళు లేరు.

కాబట్టి ఫిబ్రవరిలో మా పిల్లలు తప్పాలి. ఆ బాధ్యత నాది. అనితకు తెలియకుండా రోజూ నేర్పుతున్నాను. ‘మేక’ అని రాసి చూపిస్తే ‘బర్రె’ అనాలి. నిన్న ఒకసారి అన్నారు, గుండె నిమ్మళమైంది. అంతలోనే “తాతా, గది మేకనే, నువ్వు తప్పు చెప్తున్నవ్” అని అందరూ నన్ను దిద్దారు. తిట్టబోయి ఒక్కొక్కరినీ ముద్దు పెట్టుకున్నాను. గోడల మీద ఉద్యమం రాతలు, సబ్బు మీద పేరు, ఏది కనబడినా వాళ్ళ నోరు ఆగడం లేదు. నాకు రాత్రింబవళ్ళు భయంగా ఉంది సారూ. వచ్చిన చదువును వెనక్కి తీసుకునే ఉపాయం మీ పరిశోధనలో ఉంటే వెంటనే పంపండి.

మీ జవాబు కోసం ప్రాణాలు ఉగ్గబట్టుకున్న
రాంచందర్

తా.క.: ఇది పరమ రహస్యం, చదివి చించేయండి. ఒకటో తరగతి లచ్చి ఎప్పుడొచ్చిందో, నా భుజం మీదుగా ఈ ఉత్తరమంతా గట్టిగా చదివింది. ఒక్క దీర్ఘం పోలేదు. గడపలో అనిత నిలబడి వింది. నవ్వుతోందో ఏడుస్తోందో తల తిప్పి చూసే ధైర్యం నాకు లేదు.