ఇద్దరికీ ఒకటే రవిక

కర్నూలు, ఆసుపత్రి ఆడపిల్లల బస
శనివారం

ప్రభువునందు ప్రియమైన మార్తక్కకు, నీ చెల్లెలు రూతు చేతులు జోడించి రాసుకునే ఉత్తరం. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వు, బావ, పాప, అమ్మ ఆయన కాపుదలలో చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? పాప బోర్లా పడుతోందా? బనగానపల్లె తోటల్లో మామిడికాయ కోతలు మొదలై ఉంటాయి, బావ కూలికి పోతున్నాడా? నాకు ఏ లోటూ లేదు. దిగులు పడొద్దని అమ్మకు చెప్పు.

పొద్దున్నే లేచి నేల కడగడం, కట్లు కట్టే గుడ్డలు ఉడకబెట్టడం, పసిబిడ్డలకు నీళ్ళు పోయడం నా పని. పెద్ద నర్సమ్మకు ముక్కు మీద కోపం, మనసు మాత్రం మంచిది. ఎండలకు తుంగభద్ర ఇసుక తేలింది. రెండు పూటలా వరి బువ్వే పెడతారంటే అమ్మ సంబరపడుతుంది. నాకు మాత్రం జొన్న సంగటి మీదే ధ్యాస. వంట చేసే బీబమ్మ ఒకనాడు జాలిపడి నాకోసం సంగటి కెలికింది. ఉండలు కట్టింది. అయినా ఏడ్చుకుంటూ అంతా తిన్నాను. నిజంగా నాకు ఏ లోటూ లేదక్కా.

అసలు మాట రాయడానికి భయమేసి ఇవన్నీ రాస్తున్నాను. ఈ ఉత్తరం నీకు మన గుడి ఉపదేశిగారే చదివి వినిపిస్తారని తెలుసు. అయ్యగారూ, ఇక వచ్చేదంతా నా తప్పు. ఆపకుండా, అమ్మకూ బావకూ వినబడేట్టు చదవండి. మీకు తెలియదు కాబట్టి మొదటినుంచీ చెబుతాను.

మోచేతులు దాటే రవిక, తలమీద కొంగు లేనిదే ఆడవాళ్ళు గుళ్ళో అడుగు పెట్టకూడదని మిషను దొరసానమ్మ నియమం కదా. మా అవ్వ బతికినన్నాళ్ళూ రవిక ఎరగదు. నేను బడిలో పరీక్ష గెలిచినందుకు దొరసానమ్మ తెల్లగుడ్డ ఇస్తే, మేమిద్దరం దాంతో ఒక్క రవిక కుట్టుకున్నాం. అక్కకు పడితే నాకూ పడుతుందని అక్క కొలతకే కుట్టాం. పొద్దుటి ఆరాధనకు నేను, సాయంకాలం ప్రార్థనకు అక్క. ప్రభు భోజనం నాడు మొదటి బంతిలో నేను కూర్చుని, గుడి వెనక్కి పోయి విప్పి ఇచ్చేదాన్ని. అది తొడుక్కుని అక్క రెండో బంతికి వచ్చేది. నా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుంటోందని నవ్వేది. అయ్యగారూ, ఇన్నేళ్ళు మీరు చూసింది ఒకటే రవిక.

ఆసుపత్రి పనికి వచ్చే పిల్లకు సొంత రవిక ఉండాలని దొరసానమ్మ అంది. ఉందమ్మా, నాదే అన్నాను. అక్కా, నువ్వు పక్కనే నిలబడి నోరు మెదపలేదు. నెలలోపల పంపిస్తానని నీకు మాట ఇచ్చాను. వచ్చిన వారానికే వీళ్ళు నాకు రెండు రవికలు ఇచ్చారు. అప్పుడే పంపాల్సింది, పంపలేదు. వీటికి నీలం అంచు ఉంటుంది, చూడగానే పనిపిల్ల అని తెలిసిపోతుంది. ఆదివారం గుళ్ళో టౌను పిల్లలంతా మల్లెపూవులా తెల్లగా వస్తారు. వాళ్ళలో ఒకదానిలా కనబడాలని నాకు ఆశ పుట్టింది. అణకువ కోసం తొడగమన్న గుడ్డతో నేను టెక్కు పోయాను. వదులుగా ఉందని రెండు పక్కలా లోపలికి కుట్టుకున్నాను కూడా.

ఇంతకంటే పాపం ఇంకొకటి చేశాను. దొరసానమ్మ మన ఊరు చూసి వచ్చాక, మీ అక్క ప్రభు భోజనానికి రావడం లేదట, విశ్వాసం చల్లారిందా అని అడిగింది. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. "మా అక్కకు మొదటినుంచీ గుడంటే బద్ధకమమ్మా" అన్నాను. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

మన వీధి ఏసోబు చిన్నాయన కంటి వైద్యానికి వచ్చి నిన్న నన్ను పిలిపించాడు. "సంఘం పుస్తకంలో మీ అక్క పేరు కొట్టేసినారు పాపా. బిడ్డకు బాప్తిస్మం గూడా నిలిపేసినారు. రవిక లేకుండా లోపలికి యాడ పోతాది? గుడి బయటే కూచోని పాటలు ఇంటాండాది" అన్నాడు. కారణం చెబితే రవిక నాదేనన్న నా అబద్ధం బయటపడి నన్ను వెనక్కి పంపుతారని నువ్వు ఎవరికీ చెప్పలేదట. ఆయనకు మాత్రం తెలుసు, వాళ్ళ పెరడు గుడి వెనకే కదా. నా ఒంటిమీది నీలం అంచు రవిక వంక చూశాడు.

ఈ పొద్దున దొరసానమ్మ దగ్గరికి పోయి అంతా చెప్పేశాను. ఆమె, నీ పేరు మళ్ళీ ఎక్కించమని ఉపదేశిగారికి తానే రాస్తానంది, పాప బాప్తిస్మం ఈసారి వచ్చినప్పుడు జరిపిస్తానంది. నన్ను పని మాన్పించలేదు. నాతో ప్రార్థన చేసి, క్షమించానని పంపేసింది. అంత తొందరగా అయిపోయింది. నాకు మాత్రం భారం దిగలేదు. అబద్ధం చెప్పింది ఆమెతో, పోయింది నీ పేరు.

రవికను చిన్నాయన చేతికి ఇచ్చి పంపుతున్నాను. ఉతికి, కుట్లు విప్పాను. సూది గుర్తులు మాత్రం ఎంత రుద్దినా పోలేదు. చింతకాయ తొక్కు పంపమని అడుగుదామనుకున్నాను, ఇప్పుడు అడిగే మొహం లేదు.

అమ్మకు, బావకు, ఉపదేశిగారికి, ఆయన ఇంటివారికి, వీధిలో పెద్దలందరికీ నా వందనాలు. పాపను నా బదులు ముద్దాడు. నన్ను దీవించమని అడుగుతున్నాను, తగనిదాన్నయినా.

రేపు ఇక్కడ ప్రభు భోజనం. నేను కూర్చోనని దొరసానమ్మతో చెప్పాను. నేను క్షమించాను కదా అంది. మా అక్క ఇంకా చెప్పలేదమ్మా అన్నాను. నువ్వు కూర్చోమంటే ఉపదేశిగారి చేత ఒక్క ముక్క రాయించక్కా. అది వచ్చేదాకా నేనూ బయటే ఉంటాను.

నీ చెల్లెలు
రూతు