సెలవులో ఉన్న డ్రైవరు

ఫిబ్రవరి 9

ప్రియమైన గుమస్తాకి,

మేమంతా బాగానే ఉన్నామని రాసి ఊరుకుందామనుకున్నాను గానీ, నీ దగ్గర దాపరికమేంటి? నా ఎడమ కాలు మొండికేసింది. పాతికేళ్ల కిందట మందుగుండు డిపోలో నా లారీ పేలినప్పుడు తుంటిలో దిగిన ఇనపముక్క ఇన్నాళ్లూ బుద్ధిగా కూర్చుంది. ఇప్పుడు కదిలి నరం మీదికి వచ్చిందట. బొటనవేలికి సూది గుచ్చినా తెలియట్లేదు. ఆలస్యం చెయ్యకుండా తీయించెయ్యమన్నాడు డాక్టరు.

మాజీ సైనికుల ఆసుపత్రికి వెళ్లాను. కౌంటర్లో అమ్మాయి ఫైలు తిరగేసి, "ఇది డ్యూటీలో తగిలిన దెబ్బ కాదండీ. ఆ రోజు మీరు సెలవులో ఉన్నారు. ఇంట్లో మెట్ల మీంచి జారిపడ్డారని ఉంది" అంది.

"మెట్ల మీంచి పడితే తుంటిలో ఇనుము ఎలా దిగుతుందమ్మా?" అన్నాను.

"నాకేం తెలుసండీ, ఇక్కడ అలా ఉంది."

వెనక వరసలో వాళ్లు నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా ఇంటికి మెట్లే లేవు కదరా!

సర్వీసు మధ్యలోనే ఇంటికి పంపేశారు కాబట్టి నాకు నీలా కార్డు లేదు; డ్యూటీ దెబ్బ కాకపోతే వాళ్లు ఆపరేషన్ చెయ్యరు. బయట చేయించుకునే తాహతు నాకు లేదు. ఫైల్లో పెట్టిన ఆనాటి డిపో రిజిస్టరు పేజీ రాసింది నువ్వే. ముత్యాల్లాంటి నీ అక్షరాలు చూడగానే పోల్చుకున్నాను. ఆనాటి గందరగోళంలో ఎవరి సంగతి ఎవరి వరసలో పడిందో! అది పొరపాటని ఒక్క ముక్క రాసి, సంతకం పెట్టి పంపు.

మీ ఆవిడని, అదే నా చెల్లెమ్మని, అడిగానని చెప్పు.

నీ బండోడు

మార్చి 20

ప్రియమైన బండోడికి,

జవాబు ఆలస్యమైంది, ఏమనుకోకు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని నెత్తి మీదికొచ్చింది. అది చాలదన్నట్టు నీ చెల్లెమ్మకి వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇక్కడి మాజీ సైనికుల ఆసుపత్రిలోనే, నా కార్డు మీద. ఆరింటికి వరసలో నిలబడితే పదకొండింటికి మంచం దొరుకుతుంది. ఎవరు కసురుకున్నా నోరెత్తను.

నీ రిజిస్టరు సంగతంటావా, పాతికేళ్ల మాట. నాకు సరిగ్గా గుర్తు లేదురా. నేను రాసిస్తే చెల్లుతుందో చెల్లదో కూడా తెలీదు. ముందు నువ్వు అప్పీలు పెట్టుకో. పెద్దవాళ్లెవరైనా చూస్తారు. ఈలోగా కాలికి కాపడం పెట్టించు, చల్లటి నేల మీద నడవకు.

మీ ఇంట్లో నా చెల్లెలు కుట్టుమిషను పని తగ్గించుకుందా? కళ్లు జాగ్రత్తని చెప్పు.

నీ గుమస్తా

జులై 2

ప్రియమైన గుమస్తాకి,

నువ్వు చెప్పినట్టే అప్పీలు పెట్టాను. నాలుగుసార్లు తిరిగాను. మొదటిసారి ఫారం మారిందన్నారు, రెండోసారి అధికారి మారాడన్నారు. మూడోసారి బోర్డు డాక్టరు నా కాలు ముట్టుకోకుండానే, "దెబ్బ ఉన్న మాట నిజమే. కానీ రికార్డు ఒప్పుకోవట్లేదు" అన్నాడు. నాలుగోసారి నేను లోపలికి వెళ్లలేకపోయాను. ఆటో దిగుతూ గేటు దగ్గరే పడిపోయాను.

ఇప్పుడు స్నానానికి కూడా నీ చెల్లెలే పట్టుకుని తీసుకెళ్లాలి. నిన్న నా కాలికి సబ్బు రాస్తూ ఉన్నట్టుండి అంది: "ఆయన రాయడండీ. మీరు ఆసుపత్రిలో మూడు నెలలున్నా ఒక్కసారి కూడా చూడ్డానికి రాలేదు, గుర్తుందా?" నేను దాని మీద కేకలేశాను. వాడి గురించి నీకేం తెలుసన్నాను.

ఒరేయ్, ఒక్క వాక్యంరా. జీవితమంతా ఊరందరి ఉత్తరాలూ అర్జీలూ రాసిపెట్టినవాడివి, నా ఒక్కడికే చెయ్యి రావట్లేదా?

బండోడు

జులై 15

ప్రియమైన బండోడికి,

ఇలా పిలవడానికి నాకు మొహం లేదు. నా చెల్లెలు చెప్పిందే నిజం.

అది పొరపాటు కాదు. పెట్రోలు లీకవుతున్న షెడ్డులోకి తనిఖీ లేకుండా లారీ పోనివ్వమన్నది మన డిపో మేజరు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ సాయంత్రం ఆయన నా కుర్చీ వెనక నిలబడి చెబుతుంటే నేను రాశాను. ఖాళీ లారీ ఎండకి అంటుకుందని, డ్రైవరు సెలవులో ఇంట్లో మెట్ల మీంచి పడ్డాడని. "వాడెలాగూ బతకడు. బతికున్నవాళ్ల ఉద్యోగాలు చూడు" అన్నాడు. నువ్వు బతికావు. రెండు నెలలకి నాకు ప్రమోషన్ వచ్చింది. ఆ మొహంతో నీ మంచం దగ్గరికి ఎలా రాను?

మార్చిలో నీకు అబద్ధం రాశాను. కార్డు పోతే మీ చెల్లెమ్మ ఏమవుతుందోనని భయం. నీ ఉత్తరం చూశాక దానికంతా చెప్పేశాను. "రాసెయ్యండి" అంది, అంతే.

జరిగింది జరిగినట్టు రాసి, నోటరీ చేయించి, ఆసుపత్రికీ పెన్షన్ ఆఫీసుకీ విచారణ విభాగానికీ రిజిస్టర్ పోస్టులో పంపాను. క్షమించగలిగితే క్షమించు.

గుమస్తా

అక్టోబరు 6

ప్రియమైన బండోడికి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. రాయవని తెలుసు. అయినా ఇది మాత్రం పూర్తిగా చదువు.

విచారణకి నన్ను మూడుసార్లు పిలిచారు. మేజరు ఇప్పుడు ఆసుపత్రుల బోర్డులో సభ్యుడట. నా ఎదురుగానే కూర్చుని, "గుమస్తా తెచ్చిన కాగితం మీద సంతకం పెట్టాను, అంతకుమించి నాకేం తెలీదు" అన్నాడు. రాత నాది కాబట్టి తప్పూ నాదేనని తేలింది. పెన్షన్ ఆపేశారు, కార్డు తీసేసుకున్నారు.

బోర్డు నుంచి నీ దగ్గరికి ఒక మనిషి కాగితం పట్టుకుని వస్తాడు. రికార్డు నేను సొంతంగా మార్చానని, మేజరుకి తెలియదని అందులో ఉంటుంది. నువ్వు సంతకం పెడితే నీ ఫైలు కదులుతుంది, ఆపరేషన్ చేస్తారు. పెట్టెయ్. ముందూ వెనకా చూడకు. నా కోసం ఆగితే ఈ పాపం ఇంకా పెరుగుతుంది.

మీ చెల్లెమ్మ గురించి ఆలోచించకు. బయట వారానికి ఒకసారి చేయిస్తున్నాను.

గుమస్తా

నవంబరు 11

ప్రియమైన గుమస్తాకి,

ఆసుపత్రి మంచం మీంచి రాస్తున్నాను. నీ ఉత్తరం అందింది. కానీ అది వచ్చేసరికే నేను సంతకం పెట్టేశాను.

ఆ మనిషి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా నా మంచం అంచున కూర్చుని కాగితం చదివి వినిపించాడు. మేజరు గేటు దగ్గర చెయ్యి ఊపుతూ "పోనివ్వు, పోనివ్వు" అన్న మాట నా చెవిలో మోగుతూనే ఉంది. "పెట్టకపోతే?" అన్నాను. "అప్పీలు మళ్లీ మొదట్నుంచీ వెళ్తుందండీ" అన్నాడు. నీ చెల్లెలు లేచి లోపలికి వెళ్లింది. అట్ట తెచ్చి కాగితం కింద పెట్టింది.

నీ మీద కోపంతో పెట్టానని రాస్తే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. కోపం కాదురా. నడవాలనిపించింది, అంతే. నీ కార్డు పోయిందని కూడా అతనే చెప్పాడు. తెలిసే పెట్టాను.

వారంలో మంచం ఇచ్చారు. పెద్ద డాక్టరు కొత్త ఎక్స్‌రే లైటుకి పెట్టి చాలాసేపు చూశాడు. "ఫిబ్రవరిలోనే రావాల్సిందయ్యా" అన్నాడు. వచ్చానని చెప్పలేదు. నరం చచ్చిపోయింది, వేళ్ల దగ్గర నల్లబడింది. గురువారం మోకాలి పైదాకా తీసేస్తారు.

ఆ రోజు జరిగింది ముగ్గురికే తెలుసు. మేజరు తెలీదన్నాడు. నువ్వు చెబితే నమ్మలేదు. మిగిలిన నేను ఆయనకి తెలియదని రాసిచ్చాను.

దీనికి జవాబు రాయొద్దు. తిడితే తట్టుకోగలను. తిట్టకుండా, చెల్లెమ్మ ఎలా ఉందో రాస్తావేమోనని భయంగా ఉంది.

నీ బండోడు