పిడికెడు బియ్యంతో నడిచిన వ్యాను

బోధన్,
జూలై 2005

చిరంజీవి దానియేలుకు,

నిన్ను కన్న అవ్వ ప్రభువు పేరున దీవించి రాస్తున్నది. దేవుని దయ వల్ల నేను, బాపు బాగున్నాం. పుణెలో నువ్వు, కోడలు రూతు, చిన్నది చల్లగా ఉన్నారని నమ్ముతున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అనుకుంటావేమో. నోటిదాకా వచ్చి ఆగిపోయింది నాయనా. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబు. నా మోకాలి నొప్పి అట్లే ఉంది. మోకరించడం మాని కూర్చునే ప్రార్థన చేస్తున్నాను, దేవుడు తప్పు పట్టడులే. వానలు ఆలస్యమయ్యాయి. చెరకు వేసేవాళ్లు తగ్గారు, కోటగిరి కాలువ కింద చాలామంది వరికి మళ్లారు. చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటు పెట్రోల్లో కలుపుతున్నారట, ఇక చౌక అవుతుందేమో అని నేనంటే బాపు నవ్వాడు. ఆయన నవ్వు ఆరకముందే పెట్రోలు, డీజిలు రెండూ మళ్లీ పెరిగాయి.

మీ కంపెనీ సంగతి మళ్లీ మళ్లీ చదివాను. సర్కారు కొత్త పొగ నియమాల కోసం వ్యాను ఇంజను మార్చారని, దానితో ధర పెరిగిందని, మైలేజీ పెరగక కొనేవాళ్లు రావడం లేదని రాశావు. అమ్ముడుపోని బండ్లు ఫ్యాక్టరీ వెనక వానలో తడుస్తున్నాయని, మీ లైను ఆపేస్తే నిన్ను ఇంటికి పంపుతారని రాశావు. చర్చి పాత వ్యాను మార్చేటప్పుడు మళ్లీ మీ కంపెనీదే కొనమని కమిటీకి చెప్పమన్నావు.

ఆ వ్యానుకు డీజిలు పోయించేది మా స్త్రీల సమాజం బియ్యమే అని నీకు తెలుసు. వంటకు ముందు ప్రతి ఇంటి ఇల్లాలు తీసిపెట్టే పిడికెడు. ఆదివారం ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. నీ చిన్నప్పుడు ఆ బియ్యంతో ఊరూరా రోగులను ఆసుపత్రికి చేర్చినా ఇంకా మిగిలేది. ఇప్పుడు అందరి డబ్బాలు కలిపినా వ్యాను నాలుగు ఊళ్లు తిరగడం లేదు.

మే నెలలో మోస్రా నుంచి లక్ష్మవ్వ కోడలికి నొప్పులని కబురు వచ్చింది. వ్యాను నడిపేది బాపే కదా, తాళంచెవితో ఎక్కాడు. టాంకులో డీజిలు లేదు, డబ్బాల్లో బియ్యం లేదు. అక్కడా ఇక్కడా అడిగి పోయించుకుని వెళ్లేసరికి ఆలస్యమైంది. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు.

ఆ తర్వాతే కమిటీ కూర్చుంది. కోశాధికారి రాజమల్లు లేచి, "మన బియ్యమంతా గా వ్యానే తింటున్నది. దేవునికి ఎంగిలి మెతుకులు గూడ మిగుల్తలెవ్వు. చిన్న కారు కొందాం, మైలేజీ మస్తిస్తది" అన్నాడు.

బాపు ఊరుకుంటాడా? "చిన్న కార్ల రోగిని ఎట్ల పండవెడ్తవు? బట్టల లెక్క మడత పెడ్తవా?"

"నీ కొడుకు కంపిని బండి గదా పేతురన్నా, నువ్వు గట్లనే అంటవు."

బాపు తల దించుకున్నాడు. పాస్టరు అయ్యగారు మా వైపు తిరిగి, "బియ్యం మీవి. ముందు ఆడవాళ్లు చెప్పండి" అన్నారు.

బిడ్డా, నీ ఉత్తరం అప్పుడు నా సంచిలోనే ఉంది. అయినా చిన్న కారుకే చెయ్యెత్తాను. అందరికన్నా ముందు లేచింది నా చెయ్యే. నన్ను చూసి మిగతావాళ్లు ఎత్తారు. కన్నకొడుకు పని పోతుందని తెలిసి ఎత్తాను. లక్ష్మవ్వ నా ఎదుటి వరుసలో కూర్చుని ఉంది, వేరే ఏం చేయాలో నాకు తెలియలేదు. నువ్వు కోప్పడినా నీకు న్యాయమే.

ఇంటికి వచ్చాక బాపు, "నీ చెయ్యెట్ల లేసిందే?" అని ఒక్క మాట అడిగాడు. అప్పటినుంచి సరిగ్గా మాట్లాడడం లేదు.

పాత వ్యాను పోయి కారు వచ్చింది. మొదటిసారి కోటగిరి గంగవ్వను తెచ్చాం, తుంటి ఎముక విరిగింది. బాపు అన్నట్టే అయింది, పడుకోబెట్టే చోటు లేదు. తల నా ఒళ్లో పెట్టి, కాళ్లు ముడిచి కూర్చోబెట్టాం. నిజామాబాద్ దాకా ప్రతి గుంతకూ మూలిగింది. "జర ఓర్సుకో గంగవ్వా" అని బాపు అంటే, "గిప్పుడు నన్ను తీస్కపోయి, నా కాళ్లను రెండో ట్రిప్పుల తెస్తవా పేతురూ?" అన్నది. ఆ నొప్పిలోనూ నవ్వింది. బాపు కూడా నవ్వాడు, కాని అద్దంలో నా వైపు చూడలేదు. తిరిగొచ్చాక కూడా పెట్రోలు మిగిలే ఉంది. సంతోషించాలో ఏడవాలో తెలియక అలసిపోయాను.

ఇంకో మాట. వంటింట్లో చర్చి డబ్బా పక్కన రెండో డబ్బా పెట్టాను. చర్చికి ఒక పిడికెడు వేశాక దాంట్లోనూ ఒకటి వేస్తున్నాను. బాపు చూసి, "గిదెవ్వలకు?" అన్నాడు. నేను మూత పెట్టేశాను. మీ లైను ఆగిపోతే అక్కడ ఇంటి అద్దెకు అవస్థ పడకు. కోడలిని, చిన్నదాన్ని తీసుకుని వచ్చెయ్యి. సిగ్గుపడొద్దు.

నాది చిన్న పిడికిలి, నేను వేసింది సగానికి కూడా రాదని నాకు తెలుసు. నిన్న మూత తీసి చూస్తే డబ్బా దాదాపు నిండింది.

ఇట్లు,
మీ రాక కోసం ప్రార్థిస్తున్న
నీ అవ్వ,
కరుణమ్మ