అవతలివాళ్లు విన్న గొంతు

అన్నా,

మొన్న రాఖీకి నీ కొడుకు రాజు సెలవు మీద కేసముద్రం వచ్చాడు. నీకు కట్టాల్సిన రాఖీ వాడికి కట్టాను. వాడూ నీలాగే మిలిటరీలో వైర్‌లెస్ పనే చేస్తున్నాడు.

యుద్ధం నుంచి నువ్వు రాసిన సంగతి వాడికి చెప్పాను. శత్రువులు చాటుగా వింటారని, మీ ఆఫీసరు సాబు ఒక వైర్‌లెస్ సెట్టు దగ్గర నిన్ను, ఇంకో సెట్టు దగ్గర మన జిల్లావాడే అయిన మొగుళ్లపల్లి మల్లయ్యను కూర్చోబెట్టి మన పల్లె మాటే మాట్లాడమన్నాడట కదా. సినిమాల్లో ఎగతాళి చేసే మన మాట అక్కడ రహస్యమైందని ఎంత మురిసిపోయావు!

రాజు నవ్వాడు. "గిప్పుడు గదంత అక్కరలేదత్తా. మిషినే మాటను ముక్కలు చేసి పంపుతది. నడుమల విన్నోళ్లకు ఉత్త మోతనే."

"మరి అప్పుడు మీ బాపు మాటలు వాళ్లు విన్నట్టేనా?"

"వినుడే కాదు, టేపుల ఎక్కిస్తరు. ఎన్నటికైనా అర్థమైతదని దాచిపెడ్తరు."

అన్నం కలుపుతున్న వాడి చెయ్యి ఆగింది. ఆ యుద్ధంలో నువ్వు పోయేనాటికి వాడు చంటిపిల్లాడు.

"బాపు గొంతు ఎట్లుండేదత్తా?"

నువ్వు రాసిన ఆ ఉత్తరం తెచ్చి వాడికి ఇచ్చాను, కానీ అందులో నీ గొంతు లేదు. సరిహద్దు అవతల ఏ గదిలోనో నీ గొంతు ఇంకా ఉండే ఉంటుంది, అన్నా. ఒక్క మాటా అర్థంకాని వాళ్ల దగ్గర.

నీ చెల్లె